ఎత్తుపల్లముల పద్దు

హాఫ్ మారథాన్ అనెడు పరుగుపందెమునకు నిర్ణీతమైన దూరము 21.0975 కిలోమీటర్లు. 1908లో లండన్ ఒలింపిక్ క్రీడలలో పరుగెత్తిన మారథాన్ దూరమునే 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య 42.195 కిలోమీటర్లుగా స్థిరపరచినది. అందులో సరిగా సగము ఇది. దశాంశస్థానముల దాక కొలిచి చెప్పిన ఈ అంకె, పరుగెత్తువానికి మిక్కిలి అవసరమైన సంగతిని మాత్రము చెప్పదు. దారి ఎన్నిమార్లు పైకి లేచినది, ఎంత నిటారుగా లేచినది, లేచిన ఎత్తునుండి ఏ విధముగా దిగినది అనునవి తెలియనిదే, ఒకే దూరము గల రెండు పందెములను ఒకే గాటను కట్టుట శాస్త్రసమ్మతము కాదు.

ఈ భేదమును కంటితో చూచి, కాలితో తెలిసికొనుటకు నెల్లూరు జిల్లా పడమటి భాగము మిక్కిలి అనుకూలమైనది. వెలిగొండల వైపునుండి వచ్చు బొగ్గేరు, బీరాపేరు వంటి ఏరులను కలుపుకొని విశాలముగా పారు పెన్నానదికి సంగము వద్ద 19వ శతాబ్దపు చివరి పాదములో ఆనకట్ట కట్టిరి. దాని చెంతనే 2022లో కొత్త బారేజి వెలసినది. అక్కడినుండి తూర్పునకు కనిగిరి జలాశయము దిక్కుగా సాగు మాగాణి నేల చాపవలె చదునైనది. కాలువకట్టలమీద కొన్ని కిలోమీటర్లు పోయినను ఎక్కినట్లుగాని దిగినట్లుగాని తోచదు. సంగము దాటి పడమరగా ఆత్మకూరు చేరునప్పటికి నేల మెట్ట అగును. రోడ్డు మెల్లగా లేచుచు మెల్లగా పడుచు సాగును. ఇక ఆత్మకూరునుండి వాయవ్యముగా ఉదయగిరికి పోయినచో, ఊరిపైన వెలిగొండల శ్రేణికి చెందిన దుర్గము సముద్రమట్టమునకు 3,079 అడుగుల ఎత్తున నిలిచియుండును. సమతలము, తరంగితము, పర్వతము అను మూడు విధములైన భూములు ఒక్క పూట బస్సు ప్రయాణములో కనబడు ఈ ప్రాంతమును మనస్సునందుంచుకొని, కొండదారి పరుగు మానవదేహమును ఏమి అడుగునో ఈ అధ్యాయమున విచారింతము.

విచారణకు ఆధారముగా ఒక కల్పితవ్యక్తిని తీసికొందము. అతడు ఆత్మకూరులో ఒక పాఠశాల ఉపాధ్యాయుడు, వయస్సు నలుబది, బరువు 60 కిలోలు, పరుగు అతనికి వృత్తి కాదు, ఉదయకాలపు వ్యాసంగము. చదునునేలమీద కిలోమీటరునకు ఆరున్నర నిమిషముల చొప్పున పరుగెత్తగలడు. ఎత్తుపల్లములకు పేరుపొందిన హైదరాబాద్ మారథాన్‌లో సగము దూరపు పందెమునకు అతడు పేరు నమోదు చేయించుకొన్నాడనుకొందము.

సమతలమున పరుగు వెల

చదునునేలమీద పరుగునకు అగు శక్తివ్యయమును గూర్చి శరీరధర్మశాస్త్రజ్ఞులు కనుగొనిన సూత్రము ఆశ్చర్యకరమైనంత సులభమైనది. ఇటలీ శాస్త్రజ్ఞుడు రొడాల్ఫో మార్గారియా 1930ల నుండి సాగించిన పరిశోధనలలో, ఒక కిలోగ్రాము దేహభారమును ఒక కిలోమీటరు దూరము పరుగెత్తించుటకు ఇంచుమించు ఒక కిలోక్యాలరీ శక్తి కావలెననియు, పరుగు నెమ్మదిగా సాగినను వడిగా సాగినను ఈ మొత్తము పెద్దగా మారదనియు తేలినది. వడి పెరిగినచో నిమిషమునకు అగు ఖర్చు పెరుగునేగాని, కిలోమీటరునకు అగు ఖర్చు దాదాపు స్థిరముగానే ఉండును. ఈ లెక్కన మన ఉపాధ్యాయునికి చదునుదారిపై హాఫ్ మారథాన్ వెల సుమారు 1,270 కిలోక్యాలరీలు.

ఈ వెల ఇంత తక్కువగా ఉండుటకు కారణము కండరముల బలము ఒక్కటే కాదు. పాదము నేలను తాకిన ప్రతిసారి దేహము కొంచెము కిందికి వంగును. అప్పుడు మడమ వెనుకనున్న స్నాయుబంధనము, పాదపు విల్లువంపు సాగి, శక్తిని దాచుకొని, కాలు నేలను విడుచు క్షణమున దానిని తిరిగి ఇచ్చివేయును. 1987లో మెక్‌నీల్ అలెగ్జాండర్ బృందము చేసిన కొలతల ప్రకారము, ఒక అడుగులో దేహము పోగొట్టుకొని తిరిగి సంపాదించుకొను యాంత్రికశక్తిలో నూటికి 35 పాళ్లు మడమ స్నాయుబంధనమునందును, 17 పాళ్లు పాదపు వంపునందును నిలువయుండి తిరిగి లభించుచున్నవి. అనగా ప్రతి అడుగునకును కావలసిన పనిలో సగము వరకు కండరములకు శ్రమ లేకయే జరిగిపోవుచున్నదన్నమాట. సంగము కాలువకట్టమీద పరుగెత్తువాడు అలసట లేక సాగిపోవుచున్నట్లు తోచినచో, ఆ హాయికి మూలము ఇక్కడ ఉన్నది. ఈ ఉపకారము అడుగడుగునకు దేహము కొంత పడి, పడినంత లేచుచున్నప్పుడే పూర్తిగా లభించును. పడుట తక్కువయై లేచుట ఎక్కువైన చోట, అనగా ఎగువదారిలో, కండరము తన సొంత సంపాదనతోనే పని జరుపుకొనవలెను.

ఆరోహణము

ఎక్కుటకు పట్టు కాలమును లెక్కించు సూత్రమును మొదట చెప్పినవాడు శాస్త్రజ్ఞుడు కాడు, పర్వతారోహకుడు. 1892లో స్కాట్లండ్ దేశస్థుడు విలియం నైస్మిత్, కొండలలో నడచువారికి ప్రతి మూడు మైళ్లకు ఒక గంట, పైని ఎక్కిన ప్రతి 2,000 అడుగులకు మరియొక గంట పట్టునని వ్రాసెను. మూడు మైళ్లనగా 15,840 అడుగులు గనుక, ఒక అడుగు ఎత్తు ఎక్కుట దాదాపు ఎనిమిది అడుగుల చదునుదారి నడచుటతో సమానమని దీని సారాంశము. నడకకై పుట్టిన ఈ స్థూలగణన పరుగునకును చాలవరకు వర్తించును.

ప్రయోగశాలలో దీనిని సూక్ష్మముగా కొలిచినవారు అల్బెర్టో మినెట్టి, అతని సహచరులు. 2002లో ప్రకటించిన వారి పరిశోధనలో, కొండదారి పరుగున ఆరితేరిన క్రీడాకారులను ట్రెడ్‌మిల్‌పై నూటికి 45 వాలు ఎగువనుండి నూటికి 45 వాలు దిగువ వరకు పరుగెత్తించి, వారు పీల్చిన ప్రాణవాయువును లెక్కించిరి. నూటికి 5 వాలు అనగా నూరు మీటర్లు ముందుకు సాగినప్పుడు ఐదు మీటర్లు పైకి లేచు దారి. ఆ బృందమిచ్చిన సమీకరణము ప్రకారము, ఇట్టి దారిలో కిలోమీటరునకు అగు వెల చదునుదారికన్న నూటికి 30 వంతులు అధికము. నూటికి 10 వాలున నూటికి 65 వంతులకు పైగా అధికము. ఇందునుండి ఒక మీటరు ఎత్తు ఆరేడు మీటర్ల చదునుదారితో సమానమని తేలుచున్నది. వందేండ్ల వెనుక ఒక పర్వతారోహకుడు అనుభవమాత్రమున చెప్పిన ఎనిమిదికి ఇది చాల దగ్గరగా ఉండుట గమనింపదగినది.

ఇప్పుడు మన ఉపాధ్యాయుని సంగతి చూతము. కిలోమీటరునకు ఆరున్నర నిమిషముల వడి అతని దేహము సుఖముగా భరింపగల శ్రమ. నూటికి 5 ఎగువలో అదే శ్రమతో పరుగెత్తినచో కిలోమీటరునకు సుమారు ఎనిమిదిన్నర నిమిషములు పట్టవలెను. కాని పందెమునాడు చుట్టునున్నవారు ముందుకు పోవుచుండగా, చేతి గడియారమున వడి తగ్గినట్లు కనబడుచుండగా, అతడు సహింపలేక చదునుదారి వడినే ఎగువలోను నిలుపబూనును. అప్పుడు అతని కండరములు నిమిషమునకు కోరు ప్రాణవాయువు ఒక్కసారి నూటికి 30 వంతులు పెరుగును. ఆ కోర్కెను గుండెయు ఊపిరితిత్తులును తీర్చగలవా అనుటయే ప్రశ్న.

దీనికి సమాధానమిచ్చిన శాస్త్రజ్ఞుడు తానును ఒక ఔత్సాహిక పరుగరి కావడము విశేషము. ఆర్చిబాల్డ్ వివియన్ హిల్, కండరములలో ఉష్ణోత్పత్తిని గూర్చి చేసిన కృషికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమానమును ఓట్టో మయర్‌హాఫ్‌తో పంచుకొన్నవాడు. వీపున సంచి కట్టుకొని, విడిచిన గాలిని అందులో పట్టుచు, గడ్డిమైదానము చుట్టును తాను పరుగెత్తి, తన దేహమునే ప్రయోగపాత్రముగా చేసికొన్నాడు. వడి పెరుగుచున్నకొలది దేహము గ్రహించు ప్రాణవాయువు పెరిగి పెరిగి ఒకానొక పరిమితివద్ద నిలిచిపోవునని అతడును హార్ట్‌లీ లప్టనును 1923లో ప్రకటించిరి. ఆ పరిమితికి చేరువగా పోయిన కొలది, ప్రాణవాయువు చాలని లోటును కండరములు వేరొక మార్గమున పూరించుకొనును. అప్పుడు రక్తమున లాక్టేట్ అను పదార్థము వేగముగా పేరుకొనును. లాక్టేట్‌ను చాలకాలము విషమువలె భావించిరిగాని, 1980ల నుండి జార్జ్ బ్రూక్స్ చేసిన పరిశోధనలవలన అది గుండెకును ఇతర కండరములకును ఇంధనముగా ఉపయోగపడునని స్థిరపడినది. అయినను దాని పేరుకొనుట, ఈ శ్రమ ఎక్కువసేపు సాగదని తెలుపు నమ్మదగిన సూచన.

ఈ సూచనను కనిపెట్టుటకు సామాన్యునికి రక్తపరీక్ష అక్కరలేదు. పరుగెత్తుచు ఒక పూర్తి వాక్యమును ఊపిరి తెగకుండ పలుకగలిగినంతవరకు అతడు హద్దుకు లోపల ఉన్నాడు. రెండుమూడు మాటలకే ఊపిరి తెగుచున్నచో హద్దు దాటినాడు. పందెము మొదటి సగములోని ఎగువలలో ఈ హద్దును దాటకుండుటయే కొండదారి పరుగునకు ప్రథమసూత్రము. సమానముగా ఉంచవలసినది వడి కాదు, శ్రమ. నిటారైన చోట అడుగు కుదించి, కాళ్లు త్వరత్వరగా వేసికొనుచు, చూపు పదిపదిహేను అడుగుల ముందుంచి సాగవలెను. మరీ నిటారైనచో వడిగా నడచుట పరుగుకన్న పొదుపైనది గనుక, అట్లు నడచుటలో అవమానమేమియు లేదు.

నిటారుతనమే పరీక్ష గాని, ఎత్తు పరీక్ష కాదని ఇక్కడ చెప్పవలసియున్నది. ఉదయగిరి దుర్గపు శిఖరమున గాలి ఒత్తిడి సముద్రతీరమునకన్న నూటికి సుమారు పదివంతులే తక్కువ. ఆ మాత్రపు భేదము ఔత్సాహికునికి అంతగా తెలియదు. ఆ దుర్గమును రక్షించినది దాని వాలే. కొండమీద ఎనిమిది, కొండకింద ఐదు కోటలుగా అమరిన ఉదయగిరిని గజపతులనుండి గెలుచుటకు శ్రీకృష్ణదేవరాయలకు ఏడాదిన్నర పట్టినది. 1514లో గాని అది వశము కాలేదు. ముట్టడిదారులు రాతికొండలను తొలిచి బాటలు వేసికొనవలసివచ్చెనని పోర్చుగీసు గుర్రపు వర్తకుడు నూనిజ్ తన వృత్తాంతములో వ్రాసినాడు. కవచమును ఆయుధమును మోసికొని నిట్టనిలువు దారి ఎక్కి వచ్చినవాడు పైకి చేరునప్పటికి యుద్ధము చేయు ఊపిరి మిగులదని ఆనాటి దుర్గనిర్మాతలకు అనుభవపూర్వకముగా తెలిసియేయుండును.

అవరోహణము

ఎక్కిన ఎత్తునంతటిని దిగుదుము గదా, ఎక్కుటలో అప్పుగా పోయినది దిగుటలో తిరిగిరాదా అనునది సహజమైన ప్రశ్న. మినెట్టి సమీకరణము దీనికి ఆసక్తికరమైన సమాధానమిచ్చుచున్నది. నూటికి 5 దిగువలో కిలోమీటరు వెల చదునుకన్న సుమారు నూటికి 24 వంతులు తగ్గును. ఎక్కినంత దూరము దిగినచో, మొత్తముమీద చదునుకన్న నూటికి 3 వంతులే అధికవ్యయము. ఇంత స్వల్పవాలులో ప్రకృతి అప్పును దాదాపుగా తీర్చివేయుచున్నది. నూటికి 10 వాలునకు ఈ లోటు 13 వంతులకు పెరుగును. నూటికి 20 దిగువను దాటిన పిమ్మట దిగుటకు అగు వెల తగ్గుట మాని తిరిగి పెరుగసాగును. పడిపోకుండ దేహమును అడుగడుగున నిలువరించుటకే శక్తి వెచ్చింపవలసివచ్చుట దీనికి కారణము.

ఊపిరి లెక్కలో ఇంత చౌకగా కనబడు దిగువ, కండరముల లెక్కలో మిక్కిలి ఖరీదైనది. దిగునప్పుడు తొడ ముందరి కండరములు బిగిసియుండియే సాగవలసివచ్చును. బరువైన బిందెను బావిలోనికి మెల్లగా దింపునప్పుడు చేతికండరములు చేయు పని ఇట్టిదే. ఈ విధమైన పనికి ప్రాణవాయువు ఎంత తక్కువ చాలునో 1952లో ఇంగ్లండులో ఆబట్, బ్రెండా బిగ్లండ్, రిచీ అను మువ్వురు శాస్త్రజ్ఞులు విచిత్రమైన ప్రయోగముతో చూపించిరి. వారు రెండు సైకిళ్లను ఒకదానికొకటి వెనుదిరిగియుండునట్లు అమర్చి, గొలుసుతో కలిపి, ఒకరు ముందుకు తొక్కుచుండగా రెండవవారు ఆ తొక్కుడును ఎదిరించి నిలువరించునట్లు చేసిరి. ఇరువురి కాళ్లపైని బలము సమానమే. అయినను తొక్కువానికి కావలసిన ప్రాణవాయువులో చిన్న అంశమే నిలువరించువారికి చాలినది. లండన్ రాయల్ సొసైటీలో దీనిని ప్రదర్శించినప్పుడు, చిన్నపాటి దేహము గల స్త్రీ ఒకతె నిలువరించుచు, దృఢకాయుడైన పురుషుని సునాయాసముగా అలసింపజేసినదట.

కాని ప్రాణవాయువు తక్కువ పట్టుటకు ఇంకొక ముఖమున్నది: తక్కువ కండరతంతువులే ఆ బరువునంతయు మోయుచున్నవి. ఒక్కొక్క తంతువుమీద పడు ఒత్తిడి అధికమగుటచే అందులోని సూక్ష్మనిర్మాణము చెదరును. 1902లోనే థియొడోర్ హఫ్ అను శాస్త్రజ్ఞుడు, శ్రమ చేసిన మరునాడు పుట్టు నొప్పికి కండరములోపలి చీలికలే కారణము కావచ్చునని ఊహించెను; మెట్లు దిగినవారి తొడకండరముల తునుకలను 1981లో స్వీడన్ పరిశోధకులు సూక్ష్మదర్శినిలో పరీక్షించి, తంతువులలోపలి గీతలు చెదరియుండుటను చూచిరి. ఈ నొప్పి వెంటనే తెలియదు. ఒకటినుండి మూడు దినముల నడుమ తీవ్రమగును. పందెమునాడు దిగువలో రెక్కలు కట్టుకొని పోయినవాడు మరునాడు మెట్లు దిగలేక గోడ పట్టుకొనుట ఇందువలననే.

ఎముకలు, కీళ్లు, స్నాయుబంధనములు పొందు తాకిడిని 2005లో గాట్‌షాల్, క్రామ్ అను పరిశోధకులు కొలిచిరి. 9 డిగ్రీల దిగువలో, అనగా నూటికి దాదాపు 16 వాలున, పాదము నేలను తాకునప్పటి తాకిడి చదునుకన్న నూటికి 54 పాళ్లు, వెనుకకు లాగు నిరోధబలము 73 పాళ్లు అధికముగా ఉన్నట్లు వారు గమనించిరి. కావున మన ఉపాధ్యాయుడు నూటికి 5 దిగువలో ఊపిరి లెక్క ప్రకారము కిలోమీటరును ఐదు నిమిషములలో ముగింపగలిగియున్నను, అలవాటు లేని తొడలు అందుకు ఒప్పుకొనవు. ఒడలు వెనుకకు వాల్చి మడమలతో బ్రేకు వేయుట మాని, నడుము నిటారుగా ఉంచి, పాదము దేహమునకు సరిగా కిందుగా పడునట్లు పొట్టి అడుగులు వేయుట శ్రేయస్కరము.

ఇందులో సంతోషకరమైన అంశము కూడ ఒకటి కలదు. ఒకసారి దిగువపరుగుచే దెబ్బతిని కోలుకొన్న కండరము, తరువాతి కొన్ని వారములపాటు అదే శ్రమకు అంతగా లొంగదు. మొదటి అనుభవమే దానికి రక్షణ. అందువలన కొండదారి పందెమునకు సిద్ధపడువారు ఎక్కుటను ఎంత శ్రద్ధతో అభ్యసింతురో, దిగుటను అంతకు తగ్గని శ్రద్ధతో అభ్యసింపవలెను. ఔత్సాహికులలో అధికసంఖ్యాకులు విస్మరించునది ఈ రెండవదానినే.

వేడిమి, చెమట, ఉప్పు

దేహము వెచ్చించు శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిమిగా మారిపోవును. మన ఉపాధ్యాయుని 1,270 కిలోక్యాలరీలలో ఇంచుమించు 1,000 కిలోక్యాలరీల వేడిని దేహము బయటికి పంపవలెను. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనప్పుడు 580 కిలోక్యాలరీల వేడిని తీసికొనిపోవును గనుక, ఈ పనికి రెండు లీటర్లకు కొంచెము తక్కువ చెమట చాలునని లెక్క వచ్చును. గాలి చల్లగా ఉన్నచో కొంత వేడి చెమటతో పనిలేకయే పోవును. గాలిలో తేమ అధికమైనచో చెమట ఆవిరికాక కారిపోవును; కారిపోయిన చెమట దేహమును చల్లబరపదు. ఎగువదారిలో వడి తగ్గుటచే దేహమునకు తగులు గాలియు తగ్గును, శ్రమ మాత్రము తగ్గదు. కావున కొండ ఎక్కుచున్నప్పుడే వేడిమి దెబ్బ ఎక్కువ.

హైదరాబాద్ మారథాన్ సాధారణముగా ఆగస్టు నెల చివరి వారములలో, తేమగాలుల కాలమున జరుగును. దానికి మూడునాలుగు నెలల ముందు మొదలుపెట్టవలసిన అభ్యాసము ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతములలో రోహిణికార్తె ఎండలలో పడును. ఇది కష్టమే అయినను నిష్ప్రయోజనము కాదు. పది పదునాలుగు దినములపాటు క్రమముగా వేడిలో శ్రమించినచో రక్తములోని ద్రవభాగము పెరుగును, చెమట త్వరగా మొదలగును, చెమటలో పోవు ఉప్పు తగ్గును. కాని ఈ అలవాటు తెల్లవారుజాము వేడిలోనే చేసికొనవలెనుగాని, మిట్టమధ్యాహ్నపు ఎండలో కాదు. తలతిరుగుట, చెమట నిలిచిపోవుట, మాట తడబడుట వంటి లక్షణములు కనిపించినచో ఆ క్షణముననే పరుగు మాని, నీడకు చేరి, ఒడలు తడిపి, వైద్యసహాయము పొందవలెను. వడదెబ్బ ప్రాణాంతకము.

నీరు తక్కువ త్రాగుట ఎంత ప్రమాదమో, అవసరమునకు మించి త్రాగుటయు అంతే ప్రమాదము. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేయించుకొన్న 488 మందిలో నూటికి 13 మందికి రక్తమున సోడియము ప్రమాణముకన్న తక్కువగా ఉన్నదని తేలినది. పరుగులో బరువు పెరుగునంతగా నీరు త్రాగుటయే అందుకు ముఖ్యకారణము. దాహమును అనుసరించి త్రాగుట సామాన్యునకు ఉత్తమమార్గము. పొదలకూరు తోటల నిమ్మకాయలకు పేరుపొందిన జిల్లాలో, ఉప్పు చక్కెర కలిపిన నిమ్మరసమునకును పలుచని మజ్జిగకును మించిన పానీయమును దూరమునుండి తెప్పించుకొనవలసిన పని లేదు.

ఇంధనము

కండరములలో గ్లైకోజన్ రూపమున నిలువయుండు పిండిపదార్థము సాధారణముగా 400 నుండి 500 గ్రాములు. కాలేయమున మరి నూరు గ్రాముల వరకు ఉండును. 1966లో స్వీడన్ వైద్యులు బెర్గ్‌స్ట్రామ్, హల్ట్‌మన్‌లు ఒక్క సైకిలుకు ఇరుపక్కల కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క కాలితో అలసిపోవు వరకు తొక్కి, అటుపిమ్మట పిండిపదార్థము సమృద్ధిగా గల ఆహారము తినుచు, తమ కాళ్లనుండియే కండరపు తునుకలు తీసి పరీక్షించిరి. శ్రమచేసిన కాలిలో గ్లైకోజన్ మొదట దాదాపుగా ఖాళీయై, తరువాత విశ్రాంతిగా ఉన్న కాలికన్న చాల ఎక్కువగా నిండినది. ఖాళీయైన కండరమే ఎక్కువగా నింపుకొనునను ఈ సత్యము దూరపు పరుగరుల ఆహారనియమమునకు పునాది.

హాఫ్ మారథాన్‌కు కావలసిన శక్తిని ఈ నిలువయు, దానితోపాటు కరగు కొవ్వును కలిసి సమకూర్పగలవు. తిండి సరిగా తిన్నవానికి ఈ దూరములో ఇంధనము పూర్తిగా తరుగుకొనిపోవుట అరుదు. హద్దుమీరిన శ్రమతో ఎగువలెక్కినచో కొవ్వు వాటా తగ్గి, గ్లైకోజన్ వాటా పెరుగును. మొదటి ఎగువలలోని దుబారాకు చివరి కిలోమీటర్లలో బాకీ చెల్లింపవలసివచ్చును. పందెమునకు ముందు రెండు దినములు మొలగొలుకుల అన్నమైనను, రాగిసంగటియైనను, అలవాటైన భోజనమునే కొంచెము ఎక్కువగా తినుట చాలును. పందెమునాడు కొత్త పదార్థమును కడుపునకు పరిచయము చేయరాదు.

రెండు విధముల దారులు

2007లో ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ సొసైటీ నిర్వహించు మారథాన్ దారి, హుస్సేన్ సాగర్ తీరమున చదునుగా మొదలై, వంతెనలమీదుగా, బంజారా హిల్స్, జూబిలీ హిల్స్ ప్రాంతముల ఎత్తుపల్లములమీదుగా గచ్చిబౌలి క్రీడాప్రాంగణము వైపు సాగును. దక్కను పీఠభూమి గ్రానైటు గుట్టలమీద పెరిగిన నగరము గనుక, అక్కడి రోడ్డు లేచి పడుచు, మరల లేచుచుండును. ఇది ఆత్మకూరు మెట్టదారికి సజాతీయము. ఇట్టి దారిలో వాలులు స్వల్పములు గనుక ప్రకృతి అప్పు చాలవరకు తీర్చును. నష్టపోయినవాడు తన తొందరవలననే నష్టపోవును.

మహారాష్ట్రలో 2012 నుండి జరుగుచున్న సతారా కొండదారి హాఫ్ మారథాన్ వేరొక విధము. పట్టణమునుండి యవతేశ్వరపు ఘాట్ రోడ్డుపై కాస్ పీఠభూమి దిక్కుగా ఎక్కి, తిరిగి అదే దారిన దిగవలెను. ఎక్కుడంతయు మొదటి సగమున, దిగుడంతయు రెండవ సగమున ఉండుటచే, ఊపిరికి పరీక్ష ముందును, తొడలకు పరీక్ష పిదపను వచ్చును. అలసిన కాళ్లమీదనే దిగువ తాకిడి పడును. దీనికి సిద్ధపడువానికి ఉదయగిరి వంటి కొండ ప్రక్కన ఉండుట భాగ్యము.

సాధనక్రమము

పై విచారణయంతటి ఫలితముగా ఔత్సాహికునికి చెప్పదగిన క్రమము ఇది. అప్పటికే వారమునకు మూడు నాలుగు దినములు పరుగెత్తు అలవాటున్నవాడు, పందెమునకు మూడు నాలుగు నెలల ముందునుండి వారమునకు ఒక పరుగు చదునునేలమీద దీర్ఘముగా, మాటలాడుకొనగలిగినంత నెమ్మదిగా సాగింపవలెను. రెండవది తరంగితమైన దారిలో, గడియారము చూడక, ఊపిరినే కొలబద్దగా పెట్టుకొని సాగవలెను. మూడవది స్వల్పవాలు గల ఎగువలో ఒకటి రెండు నిమిషములు గట్టిగా ఎక్కి, మెల్లగా దిగుచు, దానినే పలుమార్లు చేయుట. దిగువపరుగును మొదట కొద్ది నిమిషములకే పరిమితము చేసి, వారము వారమునకు కొంచెము కొంచెముగా పెంచి, పందెమునకు రెండు వారముల ముందు మానివేయవలెను. దుర్గపు మెట్లదారులు, రాతిబాటలు నడచి ఎక్కుటకే తగినవి. వానిపై పరుగెత్తి దిగుట చీలమండలకు ప్రమాదకరము. నలుబది దాటినవారు, రక్తపుపోటు, మధుమేహము గలవారు, కుటుంబములో గుండెజబ్బు చరిత్ర గలవారు వైద్యుని సలహా పొందకుండ ఈ సాధనలోనికి దిగరాదు.

పందెమునాడు మొదటి ఎగువలో పదిమంది తనను దాటిపోయినను చలింపనివాడు, కడపటి ఎగువలో వారిలో చాలమందిని తిరిగి కలియును. కొండదారి పరుగున విజయము గుండెధైర్యమునకన్న లెక్కకు ఎక్కువ లొంగును. తన ఊపిరిని లెక్కించుకొని ఎక్కుటయు, తన తొడలను ముందుగా సిద్ధపరచుకొని దిగుటయు నేర్చినవానికి 21 కిలోమీటర్ల ఎత్తుపల్లములు అసాధ్యములు కావు. చదువరులలో ఎవరికైన ఈ కోరిక పుట్టినచో, పందెమునకు రుసుము చెల్లించుటకు ముందు తమ ఊరి చెంతనున్న ఒక చిన్న ఎగువను ఎంచుకొని, ఊపిరి తెగకుండ దానిని ఎక్కి, తొట్రుపడకుండ దిగుటను అభ్యసింపవలెనని మా మనవి.